రాహేలమ్మకు అన్నం

ఎవరైనా ప్రశ్న అడిగితే జకరయ్య అయ్యగారు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. తూములపాలెం బోధకుల పాఠశాలలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ప్రార్థన వల్ల ఒరిగేదేమిటని అడిగిన ఒకణ్ణి ఆయన ఆరు వారాలు ధర్మాసుపత్రిలో రోగులకు నీళ్లు మొయ్యడానికి పంపారట. అందుకని శిష్యులు నోరు తెరిచేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. సిలాసు ఆలోచించలేదు.

అవి ఎన్నికల రోజులు. పింఛను పెంచుతామని ఒక పార్టీ, అంతకు రెట్టింపు ఇస్తామని ఇంకో పార్టీ ఆటోలకు మైకులు కట్టి తిరుగుతున్నాయి. పన్నులు కట్టేవాళ్ల సొమ్ము పంచిపెట్టి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారని టీ కొట్ల దగ్గర కొందరు, పేదవాడి నోటికాడ కూడు చూసి ఏడుస్తారేమని మరికొందరు. ఆ వాదన చర్చి యువజన సభకు కూడా వచ్చింది. సిలాసు మంచి మాటకారి. పేదవాణ్ణి చూసుకోవలసింది సంఘమే గాని సర్కారు కాదని, బలవంతాన తీసుకున్న పన్నుతో చేసే దానం దేవుడి లెక్కలోకి రాదని అరగంట మాట్లాడాడు. సంఘపెద్ద, రైసుమిల్లు నతానియేలు గారు లేచివచ్చి అతని భుజం తట్టారు. ఆ ఊపులోనే మర్నాడు పొద్దున సిలాసు అయ్యగారి వరండాలో నిలబడ్డాడు.

"అయ్యగారూ, ప్రభువు ఇమ్మన్నది మనల్ని. మన జేబులోది సర్కారు తీసుకుని ఇంకొకరికి ఇస్తే అందులో ప్రేమ ఎక్కడుంది? ప్రేమ లేని సాయం సాయమేనా?"

అయ్యగారు చెప్పులు వేసుకుని, నాతో రా అన్నారు.

ఊరి చివర మురుగు కాలువ దాటి, గట్టు మీద మైలు దూరం నడిస్తే రెండు గుడిసెలున్నాయి. ఒకదాంట్లో రాహేలమ్మ అనే ముసలామె ఒంటరిగా ఉంటోంది. ముప్ఫై ఏళ్లు రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలకాయలు తీసిన మనిషి. ఆ పనిలో ఆమె వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. పింఛను ఇచ్చేచోట మిషను ఆమె వేలిముద్రను ఒప్పుకోవడం మానేసింది. రెండు నెలలుగా పింఛను ఆగిపోయింది. పైకి రాశాం, జవాబు రావాలి అంటున్నారు. మోకాళ్లు పట్టేసి ఆమె ఎక్కువ దూరం నడవలేదు. అయ్యగారు ఇదంతా సిలాసుకు దారిలోనే చెప్పారు. గుడిసె ముందు ఆగి, "పింఛను మళ్లీ వచ్చేదాకా ఈవిడకు అన్నం పెట్టే పూచీ నీది. ప్రేమతోనే పెట్టు," అన్నారు.

సిలాసు ఆ పనిని సంతోషంగా నెత్తిన వేసుకున్నాడు. తన మాట నిజమని చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? సంఘంలో ఏడు ఇళ్లు ఒప్పించి, వారంలో రోజుకొక ఇల్లు వంతు పెట్టాడు. రాహేలమ్మ దగ్గర కిందటిరోజు ఖాళీ క్యారేజీ తీసుకుని, ఆ రోజు వంతు ఇంట్లో నింపించి, మధ్యాహ్నానికి సైకిలు మీద తీసుకువెళ్లి ఆమె ముందు పెట్టేవాడు. రెండు పూటలకు సరిపోయేది. ఇచ్చినవాళ్లు మంచివాళ్లు. నెయ్యి వేసి పంపినవాళ్లున్నారు, చేపల పులుసు వండి పంపినవాళ్లున్నారు. అన్నంతోపాటు మాటలు కూడా పంపేవారు. పొగాకు నమలడం మానెయ్యమని ఒకరు, స్త్రీల కూడికకు రావడం లేదేమని ఒకరు, ఆ వయసులో ఒంటరిగా ఉండే బదులు చెల్లెలి కూతురితో రాజీపడమని ఒకరు. నతానియేలు గారి భార్య ఒకరోజు స్వయంగా వచ్చి, సంఘపత్రికకని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. రాహేలమ్మ అందరి మాటలూ వింది, ఫొటోలో నవ్వింది.

సిలాసుకు ఆమె మీద నిజంగానే ప్రేమ కలిగింది. గుడిసె కప్పు మీద తాటాకు సర్దాడు, కుండలో నీళ్లు నింపేవాడు. రెండు ప్రసంగాల్లో ఆమె సంగతి చెప్పాడు. ఒకరోజు ఆమె తింటూ ఉంటే ఎదురుగా కూర్చుని, పింఛను ఆగినా నీకేం లోటు రాలేదు కదా మామ్మా అన్నాడు. అది ఎవరో విసిరేసే సర్కారు సొమ్ము, ఇది ప్రేమతో వండిన అన్నం అని కూడా అన్నాడు.

ఆమె ముద్ద మింగేదాకా ఆగింది.

"అవును నాయనా. కూరలు బాగుంటున్నాయి. పింఛను తెచ్చుకునేటప్పుడు మాత్రం ఎవరికీ నవ్వుమొహం పెట్టే పనుండేది కాదు."

ఆ మాట సిలాసుకు గుచ్చుకుంది. ఇంత చేస్తే ఇదా అనిపించింది. తర్వాత రెండు మూడు రోజులు క్యారేజీ గుమ్మంలో పెట్టి, కూర్చోకుండా వెనక్కి వచ్చేశాడు. అయ్యగారితో చెప్పుకుంటే, ఆయన విని, రేపు కాస్త తొందరగా వెళ్లి, ఆవిడ తినేదాకా కూర్చో అన్నారు, అంతే.

ఆ నెలాఖరున పట్నంలో మూడు రోజుల ఉజ్జీవ సభలు పెట్టారు. శుక్రవారం సాయంత్రం దానధర్మం మీద మాట్లాడమని సిలాసును పిలిచారు. వెళ్లేముందు ఆదివారం ఆరాధన అయ్యాక అతను లేచి, బుధ, గురు, శుక్రవారాలు తాను ఊళ్లో ఉండనని, రాహేలమ్మకు అన్నం ఎవరైనా చేరవెయ్యాలని చెప్పాడు. చాలా తలలు ఊగాయి. మేం చూసుకుంటాంలే అని నాలుగైదు గొంతులు పలికాయి. ఎవరని అతను అడగలేదు.

బుధవారం పొద్దున్నే వాన పట్టుకుంది. ఆ రోజు వంతు నతానియేలు గారి ఇంటిది. వాళ్లు వండి, క్యారేజీ కోసం ఎవరో ఒకరు వస్తారని చూశారు. క్యారేజీ రాలేదు కనుక ఇంకెవరో చూసుకుని ఉంటారనుకున్నారు. గురువారం ఇంటివాళ్లూ అలాగే అనుకున్నారు. శుక్రవారం ఇంటివాళ్లు, సిలాసు ఊళ్లో లేడు కాబట్టి వంతులే లేవనుకున్నారు. ఒక్కరు కూడా కాలువ దాటి వెళ్లలేదు.

పక్క గుడిసెలో విక్టోరియా అని కూలి చేసుకునే మనిషి ఉంది. బుధవారం రాత్రి తన పిల్లల గంజిలోంచి ఒక గిన్నె పోసి ఇచ్చింది. గురువారం మళ్లీ గంజి పొయ్యనా అని అడిగితే రాహేలమ్మ తలుపు దగ్గరే ఆపి, "సిలాసు తెస్తాడమ్మా, నీ పిల్లల కూడు నాకెందుకు?" అందట. తాను ఊరికి వెళుతున్న సంగతి సిలాసు చర్చిలో చెప్పాడు గాని, చర్చికి రాలేని ఆ ముసలామెతో చెప్పలేదు. గురువారం మధ్యాహ్నం విక్టోరియా పిల్లల్ని తీసుకుని అవతలి ఊళ్లో చెరువులో రొయ్యలు పట్టే పనికి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున బాతులు మేపుకునేవాళ్లు గట్టు దిగువన బురదలో రాహేలమ్మను చూశారు. ఊరివైపు సగం దూరం నడిచింది. పక్కనే క్యారేజీ పడి ఉంది. తోమి, బోర్లించి ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టి తెచ్చుకుంది. అన్నం తనే అడిగి తెచ్చుకుందామనుకుందో, క్యారేజీ అందక ఇవ్వలేకపోయారేమోనని అనుకుందో, చెప్పడానికి మనిషి లేదు. బస్సు దిగిన సిలాసు జనంతోపాటు గట్టు మీదికి వెళ్లేసరికి ఆమెను పైకి తీసి చాప మీద పడుకోబెట్టారు. అరిచేతుల నిండా బురద. అతను కూర్చుని నీళ్లతో ఆ చేతులు కడిగాడు. వేళ్లు నున్నగా ఉన్నాయి.

భూస్థాపన ఘనంగా జరిగింది. నతానియేలు గారు టేకు పెట్టె చేయించారు. ఏడిళ్లవాళ్లూ పూలు తెచ్చారు, ఏడ్చారు. ఆ ఏడుపు అబద్ధం కాదు. మూడో రోజు కూడికకు రెండు వందలమందికి భోజనాలు పెట్టారు. ఎవరి చెయ్యీ వెనక్కి పోలేదు. సిలాసు విస్తరి ముందు కూర్చుని, ఒక్క మెతుకు ముట్టకుండా లేచిపోయాడు.

ఆ సాయంత్రం అయ్యగారి వరండాలో అతను చాలాసేపు మాట్లాడాడు. మిషను వేలు ఒప్పుకోలేదు కనుకే కదా ఇదంతా, ముందు తప్పు చేసింది సర్కారు కాదా అన్నాడు. సంఘంలో అంతమంది తలలు ఊపి మరిచిపోయారన్నాడు. ఆఖరికి, తను ఆమెతో ఒక్క మాట చెప్పి వెళ్లి ఉంటే ఆమె విక్టోరియా దగ్గర గంజి తాగి ఉండేదని అన్నాడు.

అయ్యగారు అంతసేపూ తలెత్తలేదు.

"గురువారం వంతు మా ఇంటిది," అన్నారు. "క్యారేజీ రాలేదేమని నేనూ అడగలేదు."

సిలాసు ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. పాఠం చెబుతారని వచ్చినవాడికి ఎదురుగా తనలాంటి మనిషే కనిపించాడు. తన ప్రశ్నకు ఇదేనా జవాబు అనుకున్నాడు. అయ్యగారే మళ్లీ అన్నారు:

"పింఛను ఆగినప్పుడు ఆవిడ ఆ మోకాళ్లతోనే నాలుగుసార్లు ఆఫీసుకి వెళ్లి, నాది నాకివ్వండని అడిగింది. మన దగ్గరికి వచ్చి ఏమని అడుగుతుంది, సిలాసూ?"