మసిగుండు అవ్వకు సున్నం పూయరాదు

ఎర్రబండల మిట్టకు బస్సు దిగి నడిచి వచ్చే భక్తులకు ముందుగా కనిపించేది గోపురం కాదు, యుద్ధ విమానం. సిమెంటు దిమ్మె మీద ముక్కు కిందికి వంచి నిలిపిన ఆ విమానానికి ఎదురుగా, నిలువునా చీలిన నల్లటి గుండు ఉంది. ఆ గుండే మసిగుండు అవ్వ. ఇక్కడ టెంకాయ కొట్టవచ్చు, పొంగలి పెట్టవచ్చు. సున్నం మాత్రం మిట్ట ఎక్కరాదు. తాంబూలంలోని సున్నమైనా కిందనే వదిలి రావాలి. కారణం తెలియక విసుక్కునే వారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ ఈ గుండు తెల్లగా మెరుస్తూ ఉండేది. పూర్వం అంటే త్రేతాయుగమేమీ కాదు, కళ్లారా చూసినవారు ఇంకా ఉన్నారు. గొర్రెలు కాచుకునే కురువలు ఏటా జాతరకు ముందురోజు అవ్వకు సున్నం కొట్టి కుంకుమ బొట్లు పెట్టేవారు. ఆ పని మద్దిలేటి, అతని భార్య ఓబుళమ్మ చేసేవారు.

ఆ రోజుల్లో మిట్టకు అవతలి బీడులో ఒక విమానాల దళం నేల మీది లక్ష్యాలను కొట్టడం సాధన చేసేది. రాళ్లు పేర్చి, పైనుంచి కనబడేలా సున్నం కొట్టి, వాటినే గురిగా పెట్టుకునేవారు. ఎర్రజెండాలు దాటి ఎవరూ రాకూడదని దండోరా వేయించారు. కురువలు దాటలేదు. అవ్వ గుండు జెండాలకు ఇవతలే ఉంది. ఇవతలి మనుషులు కూడా రాళ్లకు సున్నం కొడతారేమోనని దళంలో ఒక్కరికీ తోచలేదు, ఎవరూ వచ్చి అడగలేదు.

ఆ ఏడు జాతరకు ముందురోజు ఓబుళమ్మ నీళ్లకని మిట్ట దిగింది. మద్దిలేటి నిచ్చెన మీద ఉన్నాడు. నలభై ఏడో నంబరు విమానం కొత్తగా వచ్చింది, అదే దాని మొదటి సాధన. తెల్లటి గుండు చూసి రాకెట్లు వదిలింది. ఓబుళమ్మ బిందె పారేసి పరుగున వచ్చేసరికి గుండు చీలి ఉంది. నిచ్చెన లేదు, మొగుడు లేడు.

విచారణకు వచ్చిన అధికారి మొదట అడిగిన మాట, "ఈ రాయికి సున్నం ఎవరు కొట్టమన్నారు?"

ఓబుళమ్మకు ఒళ్లు భగ్గుమంది. "మా అవ్వకు మేం కొట్టుకున్యాం సామీ. ఎవుర్ని అడగల్ల? మీ జెండా యాడుంది, మా గుండు యాడుంది? కండ్లు లేవా మీకు?"

'స్థానికుల పొరపాటు' అని రాసుకుని ఆయన జీపెక్కాడు. అంతటితో ఒక మనిషి చావు ముగిసిపోయింది.

మూడోనాడు తెల్లవారుజామున ఓబుళమ్మకు కలలో అవ్వ కనిపించింది. నొసలు చీలి ఉంది. "నాకు ఇంక తెలుపొద్దే. నీ పొయ్యి మసి తెచ్చి పుయ్యి. నీ కోపం మాత్రం ఆరనీయొద్దు" అని చెప్పింది. ఓబుళమ్మ కుండ అడుగు మసి గీకి, ఆముదంలో కలిపి, గుండుకు పూసింది.

తరువాత సరిహద్దులో యుద్ధం వచ్చింది. నలభై ఏడు అక్కడికి వెళ్లింది. అబద్ధమెందుకు, గొప్పగానే పోరాడింది. చెట్ల తలలు తాకేంత కిందుగా ఎగిరి అరవై ఒక్క దాడులు చేసింది. రెండు వంతెనలు కూల్చింది, ట్యాంకుల బారును అడ్డుకుని ఆపింది. రెక్కలో చేటంత చిల్లి పడినా నడిపేవాడిని క్షేమంగా దింపింది. ముసలిదైపోయాక, సాధన చేసిన చోటే నిలపాలని ఎవరికో బుద్ధి పుట్టి దాన్ని ఇక్కడికి తెచ్చారు. పక్కన దాని యుద్ధ చరిత్ర రాసిన పలక నాటారు.

ఓబుళమ్మ ఆ పలకను మూడుసార్లు చదివించుకుంది. మద్దిలేటి పేరు లేదు.

"అది యుద్ధం కాదమ్మా, ప్రాక్టీసు. చరిత్రలోకి రాదు" అన్నాడు పలక నాటించిన అధికారి.

"మా ఆయప్ప సచ్చింది గూడా ప్రాక్టీసేనా సామీ?"

ఓబుళమ్మ పలకకు మసి పూసింది. దళం వాళ్లు కడిగి రంగు వేశారు. ఆమె మళ్లీ పూసింది. పోలీసులు స్టేషనులో కూర్చోబెట్టి పంపితే, ఇంటికి పోకుండా నేరుగా మిట్టకే వచ్చి పూసింది. ఇలా ఏడుసార్లు జరిగింది.

ఎనిమిదోసారి రంగు డబ్బా పట్టుకుని వచ్చినవాడు దేవసహాయం. ఆనాడు నలభై ఏడును నడిపినవాడు. జుట్టు నెరిసి, ఉద్యోగం మానుకున్నాడు. అందరి ఎదుటా తన చేత్తోనే పలక పైవరుసలో రాశాడు: 'మొదటి దాడి ఎర్రబండల మిట్ట మీద. చనిపోయినవాడు కురువ మద్దిలేటి.'

"తప్పెవురిదో గూడా రాయి" అంది ఓబుళమ్మ.

'తప్పు మాది' అని రాసి ఆమె కాళ్ల మీదికి వంగాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"రాసినావు, సరే. ఏటా జాతరకు వచ్చి పైకి సదువు."

ఆయన బతికినన్నాళ్లూ వచ్చి చదివాడు. ఓబుళమ్మ ముందు వరుసలో కూర్చుని వినేది, ఒక్కసారైనా క్షమించానని అనలేదు.

నేటికీ జాతరనాడు దళం నుంచి ఒకరు వచ్చి ఆ పలక చదవాలి. మద్దిలేటి పేరు వినిపించేదాకా గంట కొట్టరు. ఒక ఏడు ఒక కుర్ర అధికారి పైవరుస వదిలి వంతెనలు కూల్చిన వరుస నుంచి మొదలుపెట్టాడు. జనం లేవలేదు, పూజారి కదలలేదు. ఎండ నెత్తికెక్కాక ఆయనే మళ్లీ మొదటినుంచి చదివాడు.

భక్తులు ఎవరి ఇంటి మసి వారే ఆముదంలో కలిపి తెచ్చుకోవాలి. తమవారి పేరు ఏ కాగితంలోనూ ఎక్కనివారు, ఎవరి తప్పో తమ నెత్తిన పడినవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. పేరు ఎక్కేదాకా వారి కోపం ఆరిపోకుండా అవ్వ కాపాడుతుంది.