చింతపండుతో తోమిన పెనం

అనగనగా ఒక ఊళ్ళో ఒక్క క్షణం నిలబడలేని కొత్త కోడలు ఉండేది బుజ్జీ. పేరు నూకాలు. ఎప్పుడు చూసినా కాలు కాలిన పిల్లే.

ఆ రోజు అట్లతద్ది. పెళ్ళయ్యాక నూకాలుకి అదే మొదటి నోము. పొద్దున్నుంచీ ఉపవాసం. చందమామ వచ్చాక పదకొండు అట్లు ముత్తైదువకి వాయనమిచ్చి, అప్పుడు తినాలి. చిరిగిన అట్టు ఒక్కటీ పనికిరాదు.

అత్త పైడమ్మ తమలపాకులకని బజారెళ్ళింది. వెళ్తూ, తన పోత ఇనప పెనం జాగ్రత్త, కిందపడితే పగులుతుందని చెప్పింది. అది ఇరవై ఏళ్ళు నూనె తాగి నల్లగా నిగనిగలాడే పెనం.

నూకాలు పూజకి ఇత్తడి కుందులు చింతపండుతో తోముతోంది. పనిలో పనిగా పెనాన్నీ పట్టుకుంది. నోముకి ఈ నలుపేమిటి అనుకుని, అదంతా పోయేదాకా రుద్దింది. రుద్ది, తడితడిగా గోడకి ఆనించింది. తొందరపిల్ల కదా మరి.

అప్పుడు పొద్దు వాలింది. పొయ్యి వెలిగించి చూస్తే పెనం ఒళ్ళంతా ఎర్రటి తుప్పు. నూకాలు గబగబా తుడిచింది. ఒక అట్టు పోసింది, అతుక్కుపోయింది. ఇంకోటి పోసింది, గీకితే ముక్కలు.

ఆ తర్వాత పుట్టింటివాళ్ళిచ్చిన స్టీలు పెనం తీసింది. తళతళలాడుతోంది, తుప్పన్న మాటే ఎరగదు. కానీ ఏం లాభం? చిటికెలో కాలింది, అట్టు నడుమ మాడింది, అంచులు పచ్చిగానే ఉన్నాయి. గిన్నెలో పిండి తరిగిపోతోంది. నూకాలు వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉంది.

అంతలో పైడమ్మ వచ్చింది. నూకాలు ఏడుస్తూ అంతా చెప్పేసింది. పెనం చూసి పైడమ్మకి కూడా ఏడుపొచ్చినంత పనయింది.

"స్టీలుకి తుప్పు ఆపే తోలు దాంతోనే వస్తాదే. ఇనుముకి మనమే నూనెతో పెట్టాల. నువ్వా తోలు ఒలిసీసినావు" అంది.

అప్పుడు తుప్పంతా రుద్ది కడిగించి, పెనాన్ని పొయ్యి మీదే ఆరబెట్టించింది. సగం కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి నూకాలు చేతికిచ్చింది. పలచగా రాయాలి, పొగ వచ్చేదాకా ఆగాలి. మళ్ళీ రాయాలి, మళ్ళీ ఆగాలి. మూడోసారికి వీధిలో పిల్లలు చందమామ వచ్చాడని కేకలేశారు. నూకాలు పిండి గరిటె అందుకుంది.

"నిలబడే అమ్మా. ఇనుము నెమ్మదిగా కాల్తాది. కాలినాక వేడిని అంత తొందరగా ఒదల్దు" అంది పైడమ్మ.

నూకాలు నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఎక్కడా నిలబడలేదు. ఆ తర్వాత పోసిన అట్టు అంచులు లేచి, పువ్వులా ఊడొచ్చింది. పదకొండూ వచ్చాయి. గిన్నె ఖాళీ అయింది.

పక్కింటావిడకి వాయనమిచ్చి వచ్చాక, గీకిన ముక్కలే పులుసులో ముంచుకుని ఇద్దరూ తిన్నారు. నూకాలు పెనం తుడిచి, నూనె రాసి, అత్తకి ఇవ్వబోయింది. పైడమ్మ తీసుకోలేదు.

"నాకెందుకే? పాడుచేసిందీ నువ్వే, బాగుచేసిందీ నువ్వే. ఇంక ఇది నీదే" అంది.

కథ వెళ్ళి కంచిలో పడింది,
అట్టు వచ్చి కంచంలో పడింది,
కుదురులేని మా బుజ్జి
అమ్మమ్మ ఒళ్ళో నిద్దర్లో పడింది.