మంత్రసాని అతికిన తీగ

ఇంటింటికీ ఫోన్లు లేని రోజుల్లో, ఏటిగట్టు మీది ఒక ఊళ్లో కనకరత్నమనే మంత్రసాని ఉండేది. ఆ ఊళ్లో ఫోన్ ఉన్నది ఆమె ఇంట్లోనే. ఎక్కడ నొప్పులు మొదలైనా చుట్టుపక్కల పల్లెలవాళ్లు పోస్టాఫీసు నుంచి ఆమెకే ఫోన్ చేసేవారు. ఒకసారి ఆమె ఇంట్లో ఎలుకలు ఫోన్ తీగ కొరికేశాయి. ఫోన్ మూగబోయింది. టెలిఫోన్ ఆఫీసుకు ఎన్నిసార్లు వెళ్లి మొరపెట్టుకున్నా ఇంజనీరు పేర్రాజు "చూద్దాంలే" అని పంపేసేవాడు. ఇంతలో కబురు ఆలస్యంగా అంది, ఒక తల్లీబిడ్డా చావు తప్పి బయటపడ్డారు.

ఆ రోజే కనకరత్నం తీగ చివరలు గీకి, రాగి పోగులు మెలిపెట్టి, పైన గుడ్డపేలిక చుట్టింది. ఫోన్ పలికింది. వెంటనే ఆఫీసుకే ఫోన్ చేసి, "మంత్రసాని ఇంట్లో ఎవరో సర్కారు తీగ అతికారండీ" అని చెప్పింది.

పేర్రాజు జీపులో ఊడిపడ్డాడు. "ఎవరా అతికింది? జైలుకు పంపిస్తా!"

"నేనే బాబుగారూ. మీకు ఫోన్ చేసిందీ నేనే. తీగ తెగిందంటే రాలేదు, అతికారంటే వచ్చారు. ఎలాగూ వచ్చారు గనక కొత్త తీగ వేయించండి."

పేర్రాజు తల దించుకున్నాడు. జీపులోంచి తీగచుట్ట తెప్పించి, "ఇప్పుడు కూడా నేను రాకపోయుంటే?" అని మెల్లగా అడిగాడు.

"ఏముంది బాబుగారూ, నా అతుకు పలుకుతూనే ఉందిగా!"