శ్రుతి దించిన గోరువంక

అనగనగా ఒక అడవి. పులులున్న అడవి అనుకుని అప్పుడే దుప్పటి ముసుగేసుకోకండి. ఇది పాటలున్న అడవి!

ఆ అడవిలో కనకాంగి అనే గోరువంక ఉండేది. అది గొంతెత్తిందంటే కొండ అవతలి నెమళ్లు కూడా తలెత్తి చూసేవి. అంత సన్నగా, అంత పైకి ఇంకెవరూ పాడలేకపోయేవారు. ఏటా తొలకరి పడగానే ఇప్పచెట్టు దగ్గర సభ జరిగేది. ఆ చెట్టు చిటారుకొమ్మకు పాటకొమ్మ అని పేరు. కనకాంగి దానిమీద కూర్చునేది. కింద బురదలో గంభీరయ్య అనే ముసలి కప్ప "బెక్... బెక్..." అంటూ ఒకే స్వరం పట్టి ఉంచేవాడు. దాన్నే శ్రుతి అంటారు. ఆ శ్రుతి మీదే కనకాంగి పాడేది.

తర్వాత కనకాంగి గుడ్లు పెట్టింది. పిల్లలొచ్చాయి. ఇంకేం పాట! ఒకదానికి ఆకలి, ఒకదానికి జలుబు, ఇంకొకటి గూట్లోంచి దూకుతానని పేచీ. అచ్చం మీలాగే! వాటికి రెక్కలొచ్చేసరికి కొన్ని వానాకాలాలు గడిచిపోయాయి.

"ఈ తొలకరికి మళ్లీ పాడతాను" అని కనకాంగి ఒకరోజు గొంతు సవరించుకుంది. నోరు తెరిచింది. పాత గొంతు రాలేదు! మెత్తగా, బరువుగా ఏదో గొంతు వచ్చింది.

"అయ్యో, ఇదెవరి గొంతు?" అని చుట్టూ చూసింది.

ఈలోగా ఒక చిలకమ్మ కనకాంగి పాటలన్నీ వల్లించేసింది. ఒక్క విరుపు కూడా పోకుండా పాడేస్తోంది. ఏనుగు పెద్దమ్మే ఆ సభకు పెద్ద. ఆవిడ ఇద్దరినీ పిలిచింది.

"ఇద్దరూ పాడండర్రా. ఎవరి పాట నచ్చితే పాటకొమ్మ వాళ్లది. రెండోవాళ్లు ఇక కింద కూర్చుని వినాల్సిందే" అంది.

కనకాంగికి కంగారు పుట్టింది. మిరియాలు నమిలింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి గానీ గొంతు రాలేదు. ఎలుగుబంటిని బతిమాలి తేనె తాగింది. కడుపునొప్పి వచ్చింది గానీ గొంతు రాలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా మౌనం పట్టింది. కాకి వచ్చి "ఏమే, అంత పొగరా?" అని పోట్లాడి పోయింది. గొంతు మాత్రం రాలేదు.

"అమ్మాయ్, శ్రుతి కాస్త దించనా?" అని అడిగాడు గంభీరయ్య.

"బాగా చెప్పావు బాబాయ్! నలుగురిలో నన్ను తల దించుకోమంటావా? పాత శ్రుతే పట్టు" అంది కనకాంగి.

"సరే తల్లీ, నీ ఇష్టం" అన్నాడాయన.

తొలకరి పడింది. సభ కూడింది. ముందు చిలకమ్మ పాడింది. అడవంతా "భలే! భలే!" అంది. తర్వాత కనకాంగి అదే పాట ఎత్తుకుంది. పైకి వెళ్లింది, ఇంకా పైకి వెళ్లింది, అక్కడ గొంతు కీచుమని విరిగింది.

"కనకాంగిలా పాడబోయింది పాపం! చిలకమ్మంత బాగా రాలేదు" అంది ఒక కోతి. అందరూ పకపకా నవ్వారు.

కనకాంగికి ఏడుపొచ్చింది. 'నిజమే. నన్ను నేనే అనుకరిస్తున్నాను. అదీ సరిగ్గా చేతకావడం లేదు!' అనుకుంది. ఏడుపులోనే దానికి నవ్వు కూడా వచ్చింది. చిటారుకొమ్మ దిగి కిందికొమ్మ మీద వాలింది.

"ఇంకొక్క పాట పాడతాను" అంది. తర్వాత అందరూ వినేలా అరిచింది. "బాబాయ్, శ్రుతి దించు!"

గంభీరయ్య బుగ్గలు పూరించి "బోం..." అన్నాడు. కనకాంగి వానరోజుల్లో పిల్లలకు పాడుకున్న పాట అందుకుంది.

"గూడు తడిసిందా, తడవనీ!
రెక్క నాదుంది, రండర్రా!"

కాసేపటికి వెనకనుంచి ఒక బొంగురు గొంతు కలిసింది. చూస్తే ఎలుగుబంటి! దాని పక్కనే అడవిదున్న కలిసింది. ఆ తర్వాత ఏనుగు పెద్దమ్మే తొండమూపుతూ అందుకుంది. ఇంకేముంది, అడవంతా "రండర్రా! రండర్రా!" అని పాడింది. నవ్విన కోతి అందరికంటే గట్టిగా పాడింది, సిగ్గులేకుండా!

పాట ఆగాక ఎలుగుబంటి కళ్లు తుడుచుకుంది. "అక్కా, ఇన్నేళ్లూ నీ పాట విన్నాను. నేనూ పాడదామంటే ఆ ఎత్తు నాకు అందేది కాదు. ఇవాళ నీతో కలిసి పాడానక్కా!" అంది.

"అత్తా, ఈ పాట నాకూ నేర్పవూ?" అని అడిగింది చిలకమ్మ.

"పాటకొమ్మ నీదే కనకాంగీ!" అంది ఏనుగు పెద్దమ్మ.

"అది చిలకమ్మకే ఇవ్వండి పెద్దమ్మా. నా పాత పాటలు దాని గొంతులో బాగున్నాయి. నాకీ కిందికొమ్మ చాలు. మీ అందరి గొంతులూ ఇక్కడికి వినిపిస్తున్నాయి" అంది కనకాంగి. "ఏం బాబాయ్, శ్రుతి ఇంకాస్త దించుతావా?"

"ఇంకా దించితే నేను బురదలో మునిగిపోతానమ్మాయ్!" అన్నాడు గంభీరయ్య.

నీతి: పోయిన గొంతు కోసం మిరియాలు నములుతూ కూర్చోకండి. ఉన్న గొంతుకు తగ్గ శ్రుతి పెట్టుకుని హాయిగా పాడండి.