ఎదురు బరువు

కొండ మీద ఒక ఆటల పార్కు ఉండేది. ఎండాకాలం తెరిచేవారు. కార్తీకంలో మొదటి పొగమంచు దిగిన రోజున మూసేసేవారు.

మూసే రోజుకు ఒక పద్ధతి ఉండేది. కొయ్య గుర్రాలకు గోనెలు కప్పేవారు. దీపాల తోరణాలు విప్పి చుట్టలు చుట్టేవారు. చివరగా పెద్ద రాట్నం తొట్లను ఒక్కొక్కటే దింపి నేల మీద బోర్లించేవారు. తొట్లు దింపాక రాట్నం నగలు తీసేసిన మనిషిలా నిలబడేది. పాత యజమాని దాని ఇనుప కాలి మీద ఓ చరుపు చరిచి, "ఇక పడుకో" అని, గేటుకు తాళం వేసేవాడు.

పాత యజమాని పోయాడు. కొడుకు యజమాని అయ్యాడు.

ఆ రాట్నం దగ్గర ఒకావిడ పనిచేసేది. మనుషులు తొట్టిలో కూర్చున్నాక జారిపోకుండా అడ్డంగా గొలుసు వెయ్యడం ఆమె పని. వేసి, ఒకసారి లాగి చూసి, "ఊఁ" అనేది. ఆ మాట వినపడితేనే మీట దగ్గరవాడు మీట నొక్కేవాడు. పదేళ్ళలో ఆమె వేసిన గొలుసు ఒక్కటీ ఊడలేదు.

ఆమెకు ఏడేళ్ళ కూతురు ఉంది. మొగుడు లేడు. పార్కు తెరిచి ఉన్నన్నాళ్ళూ తల్లీకూతుళ్ళు టికెట్ల గది వెనక రేకుల కొట్లో ఉండేవారు. మూసేస్తే కొండ దిగి అన్న ఇంటికి పోవాలి. అక్కడ వదిన గుమ్మంలోనే ఎదురయ్యేది.

"వచ్చారా, చలికాలం చుట్టాలు," అనేది. "మా ఇంటికి ముందు చలొస్తుంది, దాని వెనకే మీరొస్తారు."

నవ్వుతూనే అనేది. మాఘం వెళ్ళేదాకా ఆ నవ్వు నంజుకునే అన్నం తినాలి.

ఆ ఏడు మొదటి పొగమంచు దిగింది. మీట దగ్గరవాడు తొట్లు విప్పడానికి పానా తెచ్చాడు. కొత్త యజమాని ఆగమన్నాడు.

"చలికాలం కూడా నడిపితే ఎలా ఉంటుంది?"

"ఎవరొస్తారయ్యా?" అన్నాడు మీట దగ్గరవాడు. "మంచులో రాట్నమెక్కి ఏం చూస్తారు, మంచునే కదా. ఇనుముకు చెమట పడుతుంది. గ్రీజు గడ్డకడుతుంది. చెట్లు సైతం ఆకులు రాల్చి ఊరుకుంటాయి. దీనికీ పడక కావాలి."

"కింద ఊరివాళ్ళు మంచు కాస్త విడితే చాలు, తలెత్తి ఈ రాట్నాన్నే చూస్తారు. అది ఆగిందంటే మన పని అయిపోయిందనుకుంటారు. అంతా మా నాన్నతోనే పోయిందనుకుంటారు. తిరుగుతూ ఉంటే వచ్చేవాళ్ళు వస్తారు."

మీట దగ్గరవాడు పానాను చేతులు మార్చుకున్నాడు. యజమాని గొలుసు వేసే ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వేమంటావమ్మా? మంచులో నిలబడి గొలుసు వెయ్యాల్సింది నువ్వు. నువ్వు వద్దంటే మానేద్దాం."

ఆమెను అంతవరకూ ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. ఆమె రాట్నం వైపే చూసింది గానీ, కనిపించింది వదిన గుమ్మం.

"తిరగనివ్వండయ్యా," అంది.

పానా పెట్టెలోకి వెళ్ళిపోయింది.

పదిరోజులు ఎవరూ రాలేదు. రాట్నం ఉత్తినే తిరిగింది. పదకొండో రోజున మంకీ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ కొండెక్కి వచ్చాడు. సన్నటి మనిషి. ఒక టికెట్టు తీసుకున్నాడు.

రాట్నానికి ఒక గుణం ఉంది. ఒక పక్కే బరువుంటే గుంజుకుంటుంది. ఇరుసు ఏడుస్తుంది. ఎండాకాలం అన్ని తొట్లూ నిండి ఉంటాయి కాబట్టి ఆ చింత లేదు. జనం పలచబడిన రోజున మాత్రం ఎక్కిన మనిషికి సరిగ్గా ఎదుటి తొట్టిలో ఇసుక బస్తా కూర్చోబెట్టేవారు. దాన్ని ఎదురు బరువు అనేవారు.

ముసలాయనకూ అలాగే బస్తా పెట్టారు. యజమాని తాను కూర్చునే అద్దాల గదిలోంచి చూసి బయటికొచ్చాడు.

"అదేంటి, శవాన్ని ఊరేగిస్తున్నట్టుంది. తీసెయ్యండి. మనిషిని కూర్చోబెట్టండి, చూడ్డానికి సందడిగా ఉంటుంది."

"ఎవర్నయ్యా? నేను కూర్చుంటే తాతగారు ఆకాశంలోనే ఉండిపోతారు," అన్నాడు మీట దగ్గరవాడు తన పొట్ట తడుముకుంటూ. "పైగా మీట ఎవరు పడతారు?"

గొలుసు వేసే ఆవిడ గొలుసు వెయ్యాలి. ఇక మిగిలింది ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల.

"రాట్నమా? డబ్బుల్లేకుండానా?" అంది పిల్ల.

తల్లికి కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఎండాకాలంలో ఒక్క చుట్టు కోసం పిల్లలు నేల మీద పడి దొర్లేవారు. ఆమె పిల్లను తొట్టిలో కూర్చోబెట్టింది. బరువు చాలకపోతే ఒళ్ళో రెండు రాళ్ళు పెట్టింది. గొలుసు వేసి లాగి చూసింది. మీట దగ్గరవాడు చేత్తో మీటను కొంచెం కదిపాడు. తొట్టిలో ఎంత బరువుందో, ఎదుట ఎక్కబోయే మనిషికి అది సరిపోతుందో లేదో వాడి అరచేతికి తెలుస్తుంది.

"సరిపోయిందక్కా," అన్నాడు.

పిల్ల పైకి వెళ్ళింది. ముసలాయన కింది తొట్టి ఎక్కుతూ తల పైకెత్తాడు.

"ఆ పాప ఒక్కతే ఎందుకు కూర్చుంది?"

"ఎదురుగా మనిషి ఉంటేనే రాట్నం తిరుగుతుంది తాతగారూ," అన్నాడు మీట దగ్గరవాడు.

ముసలాయన తల ఊపాడు.

మర్నాడూ ఆయన వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పొద్దున్నే వచ్చి, మధ్యాహ్నం దాకా దిగేవాడు కాదు. ఒకరు పైనుంటే ఒకరు కింద. పైవాళ్ళు కిందికొచ్చేసరికి కిందివాళ్ళు పైకి. మధ్యలో ఒక్క క్షణం ఇద్దరూ సమానంగా వచ్చినప్పుడు ముసలాయన చెయ్యి ఊపేవాడు. పిల్ల కూడా ఊపేది. దిగేటప్పుడు ఆయన ముందు దిగేవాడు. చలికి తాళలేక వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాడు.

ఇంకెవరూ రాలేదు. మంచు విడిన పూట కింద ఊళ్ళోంచి తలెత్తి చూసినవాళ్ళు మాత్రం, "తిరుగుతూనే ఉందే," అనుకునేవారు. అది విని యజమాని పొంగిపోయేవాడు.

మార్గశిరం గడిచింది. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు. ఉన్న ఆ కాస్త పొద్దూ పిల్ల తొట్టిలోనే కూర్చుంది. తల్లి దానికి స్వెట్టరు వేసింది. దాని మీద తన శాలువా చుట్టింది. అయినా దింపేటప్పుడు పిల్ల వేళ్ళు గొలుసంత చల్లగా ఉండేవి.

"ఇవాళ్టికి మానేద్దామా అమ్మలూ?" అని అడిగింది ఒక పొద్దున.

"పాపం తాత," అంది పిల్ల దగ్గుతూ. "అంత దూరం కొండెక్కి వస్తాడు. నేను కూర్చోకపోతే ఆయన రాట్నం తిరగదుగా. ఆయనకు రాట్నమంటే ఎంత ఇష్టమో."

ఆ రోజున మీట దగ్గరవాడు మీట కదిపి మొహం చిట్లించాడు.

"పిల్ల వైపు తేలిగ్గా ఉందక్కా."

ఆమె ఇంకో రాయి పెట్టింది.

నాలుగు రోజులకు మళ్ళీ అదే మాట అన్నాడు. ఆమె ఇంకో రాయి పెట్టింది. వారం తిరగకుండా ఇంకొకటి.

"ఈ రాళ్ళు తరుగుతున్నట్టున్నాయి తమ్ముడూ," అంది. "మంచు తినేస్తోందేమో. వేరేవి తెద్దాం."

మీట దగ్గరవాడు ఆమె మొహంలోకి చూశాడు. మీట వైపు తిరిగాడు. వేరే రాళ్ళు తెచ్చారు. అవీ చాల్లేదు.

చివరికి ఆమె అద్దాల గది తలుపు కొట్టింది.

"ఆపుదామయ్యా. పిల్లకు బాగాలేదు."

యజమాని తలెత్తాడు. కోపమేమీ లేదు ఆయన మొహంలో.

"తిప్పమన్నది నువ్వే కదమ్మా," అన్నాడు. "నిన్ను అడిగే కదా మొదలుపెట్టాం. ఇంకెన్నాళ్ళు, ఈ మాఘం గట్టెక్కితే ఎండ వస్తుంది. ఇప్పుడు ఆపితే ఇన్నాళ్ళు తిప్పిందంతా వృథా."

ఆమె కొండ దిగే దారి వైపు చూసింది. ఆ దారి చివర గుమ్మం, గుమ్మంలో నవ్వు. ఆమె రాట్నం దగ్గరికే నడిచింది.

మాఘంలో మాకులు కూడా వణుకుతాయి. ఒక పొద్దున ఆమె పిల్లను ఎత్తుకుంటే, చేతుల్లో శాలువా ఉన్నట్టే ఉంది. తొట్టిలో కూర్చోబెట్టింది. రాళ్ళు పేర్చింది. పిల్ల మోకాళ్ళు కనిపించనన్ని రాళ్ళయ్యాయి. గొలుసు వేసింది, లాగి చూసింది.

"అమ్మా, బరువుగా ఉంది," అంది పిల్ల.

"కాసేపే అమ్మలూ."

మీట దగ్గరవాడు మీట కదిపాడు. చాలా రోజుల తర్వాత వాడి మొహం తేటపడింది.

"ఇవాళ సరిగ్గా సరిపోయిందక్కా."

పిల్ల పొగమంచులోకి వెళ్ళింది. ముసలాయన ఎక్కాడు. ఆవేళ మంచు ఎంత దట్టంగా ఉందంటే, కింద నిలబడ్డవాళ్ళకు రాట్నం సగమే కనిపించింది. తొట్టి కిందికొచ్చినప్పుడల్లా శాలువా కనపడుతూనే ఉంది. రెండు సార్లు దగ్గు వినపడింది. తర్వాత వినపడలేదు. దగ్గు తగ్గిందనుకుంది తల్లి.

మధ్యాహ్నం ముసలాయన దిగాడు. ఆ రోజు వెళ్ళిపోలేదు. సంచిలోంచి చిన్న ఎర్ర ఊలు టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు. రాట్నం అర చుట్టు తిరిగింది. పిల్ల తొట్టి కిందికొచ్చి ఆగింది.

గొలుసు వేసింది వేసినట్టే ఉంది. రాళ్ళు ఉన్నాయి. రాళ్ళ మీద శాలువా ఉంది.

ఆమె గొలుసు తియ్యలేదు. గొలుసు కింద నుంచి చెయ్యి పోనిచ్చి, శాలువాను తడిమింది. రాళ్ళ సందుల్లో తడిమింది. మళ్ళీ శాలువా తడిమింది.

"పాప ఏదమ్మా?" అన్నాడు ముసలాయన.

మీట దగ్గరవాడు మీట వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"పాప ఏది?" అన్నాడు ముసలాయన మళ్ళీ. "ఆ పాప కోసమేగా నేను రోజూ వస్తున్నాను. ఎదురుగా మనిషి లేకపోతే పాపకు రాట్నం తిరగదన్నారుగా. నాకు ఎత్తంటే చచ్చేంత భయం. కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. పాప చెయ్యి ఊపుతుందని, ఆ ఒక్కచోటే తెరిచేవాణ్ణి. రేపు మానేద్దాం, రేపు మానేద్దాం అనుకుంటూనే, పసిది ఎదురు చూస్తుందని వచ్చేవాణ్ణి."

ఆయన టోపీని తొట్టిలో, రాళ్ళ మీద పెట్టాడు. కర్ర పొడుచుకుంటూ కొండ దిగాడు. మళ్ళీ రాలేదు.

కొండంతా వెతికారు. పొగమంచులో వెతకడమంటే చేతులు చాచి నడవడమే. మూడు రోజులు అలా నడిచారు. చేతులకు చెట్లు తగిలాయి.

నాలుగో రోజు యజమాని వచ్చి రాట్నం కింద నిలబడ్డాడు. మెల్లగానే చెప్పాడు.

"రాట్నం మూడు రోజులుగా ఆగి ఉంది. కింద ఊళ్ళో అడుగుతున్నారు. ఆ ముసలాయన తొట్టిలో కూడా రాళ్ళే పెట్టండి. దూరం నుంచి చూసేవాళ్ళకు రాయేదో మనిషేదో ఏం తెలుస్తుంది?"

రాళ్ళకు ఎదురుగా రాళ్ళు పెట్టారు. ఆమె రెండు తొట్లకూ గొలుసు వేసింది. లాగి చూసింది. "ఊఁ" అంది. రాట్నం తిరిగింది.

ఎండాకాలం వచ్చింది. జనం వచ్చారు. "చలికాలం కూడా ఆపలేదట కదా, గొప్పవాళ్ళండీ," అన్నారు. ఆమె అందరికీ గొలుసు వేసింది. ఆ ఒక్క తొట్టిలోకి మాత్రం ఎవర్నీ ఎక్కనివ్వలేదు. ఎర్ర టోపీ ఎండకు వెలిసి, మట్టిరంగుకు వచ్చింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. మొదటి పొగమంచు దిగింది. మీట దగ్గరవాడు పానా తెచ్చి, ఎవరూ అడక్కుండానే మొదటి తొట్టి బిగింపు మీద పెట్టాడు. యజమాని అద్దాల గదిలోంచి దిగివచ్చాడు. ఈసారి ఆయన కాస్త తగ్గి మాట్లాడాడు.

"నీ ఇష్టమమ్మా. ఈ ఏడు ఆపేద్దామంటే ఆపేద్దాం. నిజం చెప్పాలంటే, చలికాలం తిప్పడంలో అర్థం లేదనే నాకూ అనిపిస్తోంది."

"ఆపేద్దామక్కా," అన్నాడు మీట దగ్గరవాడు. "దాన్ని పడుకోనీ."

ఆమె పైకి చూసింది. రాట్నం పై సగం అప్పుడే కనపడ్డం లేదు.

"ఆపితే పిల్ల ఎలా దిగుతుంది?" అంది.

వాడు పానాను మెల్లగా కింద పెట్టాడు.

ఆ చలికాలం కూడా రాట్నం తిరిగింది. ఎవరూ రాలేదు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి, పిల్ల తొట్టిలోంచి ఒక రాయి తీసి నేల మీద పెట్టేది. గొలుసు వేసి, మీట దగ్గరవాడి వైపు తిరిగేది.

"చూడు తమ్ముడూ. సరిపోయిందా?"

వాడు మీట మీద అరచెయ్యి ఆనించేవాడు. చాలాసేపు ఆనించేవాడు.

"తేలిగ్గానే ఉందక్కా," అనేవాడు.

ఆమె వంగి, ఆ రాయి తీసి, ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టేది.