చెప్పి వెళ్ళెడి ద్వారలక్ష్మీ నోము కథ

అక్షతలు చేత పట్టుకొని, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని వినుడు.

సుప్రభుడను ముని దేవశీల మహర్షిని చూచి, తల్లిదండ్రులలో ఒక్కరే మిగిలిన ఇంట పసిబిడ్డల భయము తీర్చు నోమేదైనను కలదా యని అడిగెను. ఆ మహర్షి ఇట్లు చెప్పెను.

పూర్వము విరజాపురమున వీరమాంబ యను ఇల్లాలు కలదు. ఆమె భర్త ఒకనాటి ఉదయమున ఎవరితోను చెప్పక ఇల్లు విడిచి పోయెను; మరల రాలేదు. వీరమాంబ ఐదేండ్ల కూతురు సిరియమను పెట్టుకొని, ఊరివారి ఇండ్లలో వడ్లు దంచి బ్రతుకుచుండెను. ఆమె బయలుదేరినప్పుడెల్ల బిడ్డ ఏడ్చెడిది. పొరుగింటి సూరమ్మ, "ఏడ్చే పిల్లకు చెప్పి పోతారటే పిచ్చిదానా? బెల్లంముక్క చేతిలో పెట్టు. అది అటు తిరగగానే ఇటు జారుకో" అని బోధించెను. వీరమాంబ అట్లే చేసెను.

అది మొదలు సిరియమ బెల్లము ముట్టలేదు. అన్నము తినుచు నడుమ లేచి వాకిలి చూచెడిది. తల్లి నూతికి పోయినను కొంగు పట్టుకొని వెంట నడిచెడిది. పక్క తడిపెడిది. వీరమాంబ రోకలి ఎత్తినది ఎత్తినట్లే ఆగి, బిడ్డ ఏమి చేయుచున్నదో యని దిగులు పడెడిది.

ఒక శుక్రవారము ద్వారలక్ష్మి ముసలి గాజులమ్మ రూపమున వచ్చెను. వీరమాంబ బిడ్డకు దిష్టి తగిలెనని చెప్పుకొనగా, "దిష్టి కాదు తల్లీ. తండ్రి చెప్పకుండా పోయి రాలేదు. నీవూ చెప్పకుండానే పోతున్నావు. నీవు వస్తావని అది ఎట్లా నమ్ముతుంది?" అనెను. గడపకు పసుపు పూసి, బిడ్డను పీటపై కూర్చుండబెట్టి బొట్టు పెట్టి, తాను ఎక్కడికి పోవునో, ఏ వేళకు వచ్చునో చెప్పవలెననియు, ఏడ్చినను చెప్పియే పోవలెననియు, చెప్పిన వేళకు రావలెననియు విధి తెలిపి అంతర్ధానమయ్యెను.

వీరమాంబ నోము పట్టెను. మూడు దినములు సిరియమ వీధి అంతయు వినునట్లు ఏడ్చెను. సూరమ్మ నవ్వెను. పక్షము గడచునప్పటికి బిడ్డ కడుపునిండ తినుచు, బొమ్మరిండ్లు కట్టుచుండెను.

అంత కోతల కాలము వచ్చెను. పని తొందరలో ఒకనాడు, పిల్ల ఆటలో ఉన్నది గదా యని తల్లి చెప్పక పోయెను. తిరిగి వచ్చునప్పటికి తలుపు తెరచియుండెను, బిడ్డ లేదు. వీరమాంబ నూతిలోనికి తొంగిచూచెను. కాలువగట్టు పొడవునను పిలుచుచు పోయెను. ఊరివారు నలుదిక్కుల వెదకిరి. ప్రొద్దు వాలు వేళ పొరుగూరి బాటపై సిరియమ దొరికెను, పాదములు బొబ్బలెక్కియుండెను. తల్లిని చూచియు ఏడవక, "నీవూ పోయావనుకొన్నానమ్మా" అనెను.

వీరమాంబ ఆ దుమ్ములోనే కూలబడి, తప్పు తనదని బిడ్డతో ఒప్పుకొనెను. ఆ పిమ్మట నోము విడువలేదు. ఎన్నడైన వేళ తప్పినచో, ఎందుకు తప్పెనో వచ్చి చెప్పెడిది. తండ్రి ఎప్పుడు వచ్చునని బిడ్డ అడిగినప్పుడు, తనకు తెలియదనియే చెప్పెను. అతడు రాలేదు. ఈ నోము ఫలము అది కాదు.

ఏడాది నిండెను. ఒకనాడు సిరియమ తల్లి కొంగు విడిచి, సూరమ్మత్త ఇంట ఆడుకొని దీపాల వేళకు వచ్చెదనని చెప్పి పోయెను. వీరమాంబ దీపము పెట్టి వాకిట నిలిచి, ఎదురుచూచుట యెట్టిదో ఆనాడు తెలిసికొనెను. బిడ్డ చెప్పిన వేళకు వచ్చెను.

కావున భర్త లేని తల్లియు, భార్య లేని తండ్రియు, మనుమలను సాకెడి అవ్వతాతలును ఈ నోము నోచవలెను. ఏడాది నిండిన శుక్రవారమున ఐదుగురు పిల్లలకు పాలన్నము పెట్టి ఉద్యాపనము చేయవలెను. అట్లు చేసినవారి బిడ్డలు ఆకలికి తిందురు, నిద్రవేళకు నిద్రింతురు, వాకిలి చూడక ఆడుకొందురు.

కథ విన్నవారు అక్షతలు మొదట పిల్లల తలపై వేసి, మిగిలినవి తమ తలపై వేసికొనవలెను. రేపు ఎక్కడికి పోవుదురో, ఎప్పుడు వత్తురో, కూర్చున్న చోటినుండి లేవకముందే పిల్లలకు చెప్పవలెను.