గవరయ్య అనని భళీ

విజయనగరం దగ్గర ఒక ఊళ్ళో నూకరాజు అనే బుర్రకథ కళాకారుడు ఉండేవాడు. గొంతు కంచుగంటలా మోగేది గానీ, ఆ గొంతు తప్ప మరెవరి గొంతూ అతని చెవికెక్కేది కాదు.

మీరు బుర్రకథ చూశారా ఎప్పుడైనా? ముగ్గురు నిలబడి చెబుతారు. మధ్యలో ఉన్నవాడు తంబుర భుజాన వేసుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని కథ నడుపుతాడు. అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ "తందాన తాన" అంటారు. వాళ్ళను వంతలంటారు. చూసేవాళ్ళకు వంతల పని తేలిగ్గా కనిపిస్తుంది. ఓసారి చేసి చూస్తే తెలుస్తుంది ఎంత తేలికో! కథ వాళ్ళకు మొదటి నుంచి చివరి దాకా కంఠతా వచ్చు. అయినా ప్రతిసారీ అప్పుడే వింటున్నట్టు వినాలి. విని ఉలిక్కిపడాలి, నవ్వాలి, "ఆ తర్వాతో?" అని అడగాలి.

నూకరాజుకి కుడిపక్క గవరయ్య, ఎడమపక్క గవరయ్య కూతురు సన్యాసమ్మ వంతలు. గవరయ్య అంతకుముందు నూకరాజు తండ్రికి కూడా వంతగా ఉన్నవాడు. నూకరాజు అతన్ని మావా అని పిలిచేవాడు.

ఆ ఏడు వేసవిలో ముగ్గురూ ఒక పాత వ్యాన్లో ఊరూరా తిరిగి కథలు చెప్పడానికి బయలుదేరారు. ఆ తిరుగుడులోనే తమ కథలన్నిటితో ఒక ఆల్బమ్ తయారు చేయాలని నూకరాజు పట్టుబట్టాడు. దానికి కారణం ఉంది. నాగావళి ఒడ్డున పాతరేవు అనే ఊళ్ళో పోలమ్మ అనే ముసలావిడ ఉండేది. ఆమె తల్లి కొండమ్మ ఒకప్పుడు ఆ రేవులో పడవ నడిపేది. వరద వచ్చిన రోజు లంకలో చిక్కుకున్న జనాన్నంతా ఆమె ఒక్కతే విడతలు విడతలుగా ఒడ్డుకి చేర్చింది. చివరి విడతలో తన పెద్ద కూతురు ఏటి పాలైంది. ఆ సంగతంతా పోలమ్మ నోట విని నూకరాజు తండ్రి 'పడవ కొండమ్మ కథ' కట్టాడు. ఏటా ఆ ఊళ్ళో ఆ కథ చెప్పేవారు. పోలమ్మ ముందు వరుసలో కూర్చుని వినేది.

నిరుడు ఆమె తుంటి ఎముక విరిగింది. మంచం దిగడానికి వీల్లేకుండా పోయింది. "మా అమ్మ కథ ఇనకుండానే ఈ ఏడు ఎల్లిపోతాదేమో బాబూ" అని ఆమె ఫోన్లో అంటే నూకరాజు మనసు కరిగింది.

"నేను కథంతా పాడి తెస్తానమ్మా. మంచం మీద కూర్చునే రోజూ వినొచ్చు" అని మాట ఇచ్చాడు. మాట మంచిదే. దాన్ని నిలబెట్టుకున్న తీరులోనే చిక్కంతా వచ్చింది.

పలకంత ట్యాబ్ ఒకటి కొన్నాడు. దానికి చిన్న మైకు తగిలించాడు. ఒక ఊళ్ళో బడి గదిలో, మరో ఊళ్ళో రైసుమిల్లు గోడౌన్లో, ఏదీ దొరక్కపోతే వ్యాన్లోనే అద్దాలు మూసేసి పాడేవాడు. బయటి చప్పుడు పడకూడదని నెత్తిన బొంత కప్పుకునేవాడు. మే నెల ఎండలో బొంత కింద ముప్పావుగంట పాడి, చెమటతో తడిసి ముద్దయి బయటికొచ్చి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. జవాబు చెప్పేలోగా మళ్ళీ బొంతలోకి దూరేవాడు. పట్టుదలకు మాత్రం వంక పెట్టలేం.

నాలుగో రోజు గోడౌన్లో వంతలిద్దర్నీ పిలిచాడు.

"మావా, ఇందులోకి ఒక్కసారి 'తందాన తాన' అను" అన్నాడు.

గవరయ్య గుమ్మెట సర్దుకున్నాడు. "సరే, కథ ఎత్తుకో."

"కథ అక్కర్లేదు. నువ్వు అనేస్తే చాలు."

"నువ్వేటి సెప్పినావో ఇనకుండా నానేటని అనాలి?"

"ఏమీ వినక్కర్లేదు మావా! ఒక్క ముక్క ఉంటే చాలు, కావలసిన చోటల్లా నేను అతికించుకుంటాను. మీ ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది."

"శ్రమని నీకెవులు సెప్పినారు?" అన్నాడు గవరయ్య.

నూకరాజు అప్పటికే మైకు దగ్గరికి జరిపాడు. గవరయ్య అన్నాడు. ఒక తందాన తాన, ఒక ఆహా, ఒక ఊఁ, ఒక 'భళిరా భళీ'. సన్యాసమ్మ కూడా ఆ నాలుగూ అంది. ఐదు నిమిషాల్లో ఇద్దరి పనీ అయిపోయింది. ఆ తర్వాత పదిరోజులు ఆ తండ్రీకూతుళ్ళను ట్యాబ్ దగ్గరికి ఎవరూ పిలవలేదు.

నూకరాజు మాత్రం దాన్ని వదల్లేదు. వ్యాన్ నడుస్తున్నంతసేపూ ఒళ్ళో పెట్టుకుని అతికించేవాడు. రెండు చరణాలకు ఒక తందాన తాన, ఎనిమిది చరణాలకు ఒక భళీ, కొలిచినట్టు పెట్టాడు. ఒక్కటి కూడా తాళం తప్పలేదు. సంతోషంతో గాల్లో తేలిపోయాడు.

"చూశావా సన్యాసమ్మా, ఎంత శుభ్రంగా వచ్చిందో!" అన్నాడు.

"అతికించినాక కథంతా ఓసారి ఇన్నావా బావా?"

"వినడమెందుకు? కళ్ళకు కనిపిస్తూనే ఉందిగా. తెర మీద మన గొంతుల గీతలన్నీ వరసగా ఎలా ఉన్నాయో చూడు."

సన్యాసమ్మ గీతలు చూసింది. నిజమే, వరసగానే ఉన్నాయి.

ఈ అలవాటు వేదిక మీదకి కూడా పాకింది. గవరయ్య "ఆ తర్వాతో?" అని నోరు తెరిచేలోపే నూకరాజు తర్వాతి చరణం ఎత్తుకునేవాడు. రెండు మూడు ఊళ్ళు అలా గడిచాక గవరయ్య అడగడం మానేశాడు. ఒకరోజు పొద్దున్న టీ దుకాణం దగ్గర కూతురితో మెల్లగా అన్నాడు.

"ఈ తిరుగుడు అయినాక నాను మానేస్తానమ్మా. ఆ పలకలో నా గొంతుంది గదా. ఆడికి అది సాలు."

ఆ మాట నూకరాజుకి వినిపించేంత దగ్గరలోనే అన్నాడు. కానీ నూకరాజు చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. గీతలు సరిచేసుకుంటున్నాడు.

పాతరేవు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. పోలమ్మ వసారాలో నులకమంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుంది. కథ వినడానికి ఆమె ఎప్పుడూ అలాగే తయారయ్యేది. వీధిలో పిల్లలు పదిమంది దాకా వచ్చి చేరారు. నూకరాజు ట్యాబ్‌ను పీట మీద పెట్టి, చిన్న స్పీకరు తగిలించాడు. గవరయ్య, సన్యాసమ్మ స్తంభం పక్కన నిలబడ్డారు. వాళ్ళకు అక్కడ పనేమీ లేదు.

కథ మొదలైంది. నూకరాజు గొంతు వసారా అంతా నిండింది. పోలమ్మ కళ్ళు మూసుకుంది. వాన పడింది, ఏరు పొంగింది, కొండమ్మ పడవ అటూ ఇటూ తిరిగింది. చివరి విడతలో పడవలో పన్నెండు మంది ఉన్నారు. నడి ఏట్లో సుడి పట్టింది. అంచున కూర్చున్న ఆమె పెద్ద కూతురు, తొమ్మిదేళ్ళ సీతాలు జారి నీళ్ళలో పడింది. కొండమ్మ చేతుల్లో గెడ ఉంది. ఆ కర్ర పట్టు మీదే పడవ నిలబడింది.

"గెడ విడిస్తే పన్నెండు ప్రాణాలు, విడవకుంటే కన్నప్రాణం..."

కొండమ్మ గెడ విడవలేదు. సీతాలు చెయ్యి ఒక్కసారి పైకి లేచి మునిగిపోయింది.

"భళిరా భళీ!" అంది స్పీకరు, గవరయ్య గొంతుతో, మంచి హుషారుగా.

లెక్క ప్రకారం అది ఎనిమిదో చరణం మరి. పిల్లలు కిసుక్కున నవ్వారు. పోలమ్మ కళ్ళు తెరిచింది.

"ఆపు బాబూ" అంది. నూకరాజు ఆపాడు. ఆమె స్తంభం వైపు తిరిగింది. "మా అప్ప సీతాలు ములిగిపోతే భళీ అన్నావేటి గవరయ్యా?"

గవరయ్య ముఖం పాలిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆ చోట అతను నోరు తెరిచి ఎరగడు. గుమ్మెట మీద అరచెయ్యి ఆనించి తల దించుకునేవాడు. అది చూసి ముందు వరుసలో పోలమ్మ కూడా తల దించుకునేది. వాళ్ళిద్దరి మధ్యా అదో అలవాటు.

"నా గొంతేనమ్మా" అని రెండు చేతులూ జోడించాడు. "గొంతు నాదే. నానైతే అనలేదు."

నూకరాజుకి తల కొట్టేసినట్టయింది. అయినా వెంటనే ట్యాబ్ అందుకున్నాడు. "చిన్న పొరపాటమ్మా, ఇప్పుడే తీసేస్తాను" అంటూ ఆ భళీని వెతికి చెరిపేసి, మళ్ళీ వినిపించాడు. సీతాలు చెయ్యి మునిగింది. ఈసారి ఆ చోట ఏ చప్పుడూ రాలేదు. బొంత కింద పాడిన పాట కదా, గాలి చప్పుడైనా లేదు.

పోలమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడెవులూ నేరు బాబూ. మా అప్ప ములిగినప్పుడు గట్టు మీద ఊరంతా ఉంది. నన్నెత్తుకుని మా నాయనమ్మ ఉంది. అందరికీ నోట మాట పడిపోనాది. జనం మాటాడకపోడం వేరే, జనం నేకపోడం వేరే."

నూకరాజు ట్యాబ్‌ను పీట మీద పెట్టేశాడు. పదిరోజుల తర్వాత మొదటిసారి తలెత్తి గవరయ్య వైపు చూశాడు.

"మావా, ఆ చోట నువ్వేం చేస్తావో ఒక్కసారి చెప్పవా?"

"నాకెలా తెలుస్తాది?" అన్నాడు గవరయ్య. "నువ్వు సెప్పు, నానింటాను. ఇన్నాక తెలుస్తాది."

సన్యాసమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "అయ్య ఈ తిరుగుడుతో మానేస్తానన్నాడు బావా. నీ పక్కనే నిలబడి అన్నాడు. నువ్వు ఇన్లేదు."

నూకరాజుకి సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. తండ్రి ఆ కథ కట్టింది ఈ వసారాలోనే, ఈ పోలమ్మ ఎదుట కూర్చుని, ఆమె చెప్పింది మూడు రోజులు విని. ఆ సంగతి తండ్రి నూరుసార్లు చెప్పాడు. అది కూడా తను సరిగ్గా విన్లేదు కాబోలు అనుకున్నాడు. లేచి వ్యాన్ దగ్గరికి వెళ్ళి తంబుర, గుమ్మెటలు తెచ్చాడు. ఒక గుమ్మెట గవరయ్య ముందు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

గవరయ్య కాసేపు తీసుకోలేదు. తర్వాత తీసుకున్నాడు.

ముగ్గురూ నులకమంచం ముందు నిలబడ్డారు. బొంత లేదు. తలుపులు మూయలేదు. ట్యాబ్ పీట మీదే ఉంది, విన్నదంతా ఎక్కించుకుంటూ దాని పని అది చేసుకుంటోంది. నూకరాజు కథ ఎత్తుకున్నాడు. రెండు చరణాలు కాగానే కుడిపక్కకు తిరిగి ఆగాడు. "ఆ తర్వాతో?" అన్నాడు గవరయ్య, కొంచెం అనుమానంగానే. నూకరాజు జవాబు చెప్పాడు. వాన దగ్గర సన్యాసమ్మ కొంగు నెత్తిన కప్పుకుంది. పడవలో ముసలాయన తన మేకను వదిలి రానని మొండికేసినచోట గవరయ్య "భళిరా భళీ!" అన్నాడు, పిల్లలు పడి పడి నవ్వారు. పోలమ్మ కూడా నవ్వింది.

సుడి వచ్చింది. సీతాలు జారింది. కొండమ్మ గెడ విడవలేదు.

నూకరాజు ఆగాడు. గవరయ్య అరచెయ్యి గుమ్మెట మీద ఆనింది. ఎవరూ కదల్లేదు. పక్కవీధిలో ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఎంతసేపు ఆగారో ట్యాబ్‌కే తెలియాలి.

"మరి పిల్ల?" అని గవరయ్య లోగొంతుతో అడిగాడు. ఆ మాట అతను ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు నోటికి వచ్చింది.

కథలో దానికి జవాబు లేదు. ఒకప్పుడైతే నూకరాజు ఏదో ఒకటి అందుకుని ముందుకు పోయేవాడు. ఇప్పుడు పోలేదు. మంచం మీద నుంచి పోలమ్మ చెప్పింది.

"దొరకనేదు బాబూ. మూడు రోజులు ఎతికినారు. నాలుగో రోజు మా అమ్మ పడవ తీసింది. అవతలొడ్డుకి ఎల్లాల్సినోళ్ళు ఉన్నారు మరి."

"ఊఁ" అన్నాడు నూకరాజు. అంత పెద్ద కథకుడు, ఆ రోజు వంతగా నిలబడ్డాడు.

కథ అయ్యాక నూకరాజు గవరయ్య చూస్తుండగానే ట్యాబ్‌లోని పాత పాటంతా చెరిపేశాడు. "బొంత కింద అంత సెమట కార్చినావు గదరా!" అన్నాడు గవరయ్య. అతను మానేయనని చెప్పలేదు. కానీ మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు వ్యాన్లో ఎక్కి కూర్చున్నాడు. తక్కిన ఊళ్ళలో మిగతా కథలన్నీ జనం ముందే, ముగ్గురూ కలిసే పాడారు. అలా ఆల్బమ్ పూర్తయింది. పోలమ్మకు మాత్రం కథ చెప్పిన సాయంత్రమే, వసారాలో పాడినదంతా ఒక ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చారు. ఆమె రోజూ తలగడ పక్కన పెట్టుకుని వినేది. "నాలుగో రోజు మా అమ్మ పడవ తీసింది" అనే తన మాట వచ్చేచోట, ఎవరున్నా లేకపోయినా, "ఊఁ" అనేది.

ఆల్బమ్ విన్నవాళ్ళు కొందరు నూకరాజుతో, "అంతా బాగుంది గానీ, ఆ బోరింగు చప్పుడు తీసేయాల్సింది" అనేవారు. నూకరాజు వాళ్ళు చెప్పింది పూర్తయ్యేదాకా వినేవాడు. విన్నాక, "తీయనండీ" అనేవాడు.

పక్కనున్న మనిషి మాట వినే ఓపిక లేనివాడు ఎంత గొప్పగా చెప్పినా, అతని మాట ఎవరి మనసుకీ చేరదు. చెప్పడం నేర్చుకోవాలనుకునేవాడు ముందు వినడం నేర్చుకోవాలి.